‘తోడు’ అనవచ్చునా?

ప్రశ్న: ప్రయోగశాలలో క్షీరదాల కణాలను పెంచే ద్రావణంలో విడిగా కలిపే సప్లిమెంట్లను మా పాఠంలో ‘అనుబంధ పోషకాలు’ అని రాశాను. పాలకు తోడు వేసినట్టే కదా, ‘తోడు’ అనమని మా అమ్మ అంటోంది. అనవచ్చునా?
– ఒక అధ్యాపకురాలు, భీమవరం

సమాధానం: మీ అమ్మగారు మీకన్నా మంచి తెలుగు చెప్పారు. ‘అనుబంధం’ ఆదివారం పత్రికతో వచ్చేది. వ్యాకరణంలో అయితే గుర్తుగా నిలిచి లోపించే వర్ణం. కణానికి అందే పోషకానికి ఆ పేరు అతకదు. పైగా మీరు పంపిన పాఠంలో ‘పోషకాలు జోడించబడినవి’ అని ఉంది. ‘కలిపాం’ అంటే శాస్త్రం చిన్నబోతుందా?

తోడబుట్టినవాడు, తోడికోడలు, తోడల్లుడు, తోడ్పాటు: ఈ మాటల్లో ఎక్కువతక్కువలు లేవు. తృతీయా విభక్తిలోని ‘తోడన్’ కూడా ఈ కుదురుదే. ఇక నన్నయగారిని తలవకుండా ఉండలేను. గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో భారత రచనకు పూనుకుంటూ, సహాధ్యాయి నారాయణభట్టు చేసిన సాయాన్ని యుద్ధంలో అర్జునుడికి నారాయణుడు చేసిన సాయంతో పోల్చి, ‘తోడయి నిర్వహింపఁగన్’ అన్నారు. ఆ నారాయణుడు ఆయుధం పట్టలేదు; ఆయన లేనిదే అర్జునుడికి గెలుపూ లేదు. తోడంటే అదీ!

మీ శాస్త్రంలో సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, చేసేది ఆ పనే. హ్యారీ ఈగిల్ అనే శాస్త్రవేత్త 1959లో ప్రకటించిన మాధ్యమంలో, అంటే కణాలను పెంచే ద్రావణంలో, అమైనో ఆమ్లాలు, లవణాలు, గ్లూకోజు, విటమిన్లు ఉన్నాయి. ఆ విటమిన్లలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. దాన్ని సంశ్లేషించిన బృందానికి పెద్ద మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మీ పాఠంలో ఆయన పేరు లేకపోవడం నాకు బాధ కలిగించింది. ఇన్ని ఉన్నా, సాధారణంగా నూటికి 5–10 పాళ్లు ఆవు పిండం రక్తం నుంచి తీసిన సీరం కలిపితే గాని చాలా రకాల కణాలు పెరగవు. విభజన చెందమని కణాన్ని ప్రేరేపించే వృద్ధి కారకాలు అందులోనే ఉంటాయి.

విడిగా కలిపే వాటిలో గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం సంగతి వేరు. ద్రావణంలో నిలవ ఉంటే అది విడిపోయి అమ్మోనియా పుడుతుంది. అందుకే తాజాగా కలుపుతారు. దానికి ‘పూరకం’ చాలు.

అయితే ఒక చిక్కుంది. గోరువెచ్చని పాలలో వేసే తోడులో ఉండేవి బతికున్న సూక్ష్మజీవులు. అవి పెరగాలనే వేస్తాం. కణాల ఫ్లాస్కులో బాక్టీరియా చేరితే పారబోయడమే. విద్యార్థి ‘తోడు’ అని వినగానే పెరుగు గిన్నెనే తలుచుకుంటాడు. ఆ అర్థానికి ‘చేమిరి’ అనే చక్కని మాట ఉండగా దాన్ని మూలకు నెట్టడం మన తప్పే. తరగతిలో ఈ తేడా వివరించి, సీరానికి ‘తోడు’ అని వాడి చూడండి. పరీక్ష పత్రంలో మాత్రం ప్రస్తుతానికి ‘పోషక పూరకం’ అనే ఉంచండి.