నేల ఉసిరి ల్యాబ్‌లో హెపటైటిస్ బి వైరస్‌ని తగ్గించిందంటే, మనిషిలోనూ తగ్గిస్తుందా?

మీ తమ్ముడు రక్తదానానికి వెళ్తే హెపటైటిస్ బి బయటపడిందనీ, డాక్టరు వైరస్‌ని అదుపుచేసే టెనోఫోవిర్ మాత్ర మొదలుపెట్టారనీ రాశారు. ఊళ్లో పెద్దవాళ్లు నేల ఉసిరి పసరు చాలంటున్నారు. అది ల్యాబ్‌లో వైరస్‌ని చంపిందని ఒక వాట్సాప్ ఫార్వర్డ్ కూడా చూపిస్తున్నారు. మాత్ర మానేసి పసరుకి మారొచ్చా అన్నది మీ ప్రశ్న.

మారొద్దండీ. ఎమ్మెస్సీ తర్వాత కొన్నేళ్లు హైదరాబాద్‌లో లివర్ జబ్బుల ల్యాబ్‌లో మొక్కల సారాలు పరీక్షించడమే నా పని. వాటిలో నేల ఉసిరి కూడా ఉంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఆ ఫార్వర్డ్ గాల్లోంచి పుట్టింది కాదు. ఈ వైరస్‌ని కనిపెట్టినందుకు 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లూమ్‌బర్గే నేల ఉసిరి మీద పనిచేశారు. దాని సారం వైరస్ ఎంజైమును అడ్డుకుంటోందని 1987లో ఆయన బృందం ప్రచురించింది. మరుసటి ఏడాది మద్రాసు పరిశోధకులతో కలిసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇంకో వ్యాసం వచ్చింది. వైరస్ ఉన్నవాళ్లకి 30 రోజులు ఎండు నేల ఉసిరి పొడి ఇస్తే, 37 మందిలో 22 మందికి రక్తంలో యాంటీజెన్ (వైరస్ ఉందని చెప్పే దాని ప్రోటీన్) కనిపించకుండా పోయింది. మందు లేని ఉత్తి క్యాప్సూల్ వేసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ అంకెలు చూస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. కానీ థాయ్‌లాండ్‌లో, న్యూజిలాండ్‌లో మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. 2011లో అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా ఉత్తి క్యాప్సూల్ కన్నా ఇది మెరుగని నమ్మడానికి ఆధారం లేదని తేల్చింది. ఫార్వర్డుల్లో 1988 దగ్గరే కథ ఆపేస్తారు.

ల్యాబ్‌లో 'వైరస్ తగ్గింది' అనడానికి అర్థమేమిటో చెప్తాను. మేము వాడింది హెప్‌జీ2.2.15 అనే కణాలు. లివర్ కణితి నుంచి వచ్చిన కణాల్లోకి వైరస్ జన్యువుని చేర్చి తయారుచేసిన రకం ఇది. ఇవి వైరస్‌నీ, దాని పైపొర యాంటీజెన్‌నీ ఎప్పుడూ బయటికి వదులుతూనే ఉంటాయి. మీ తమ్ముడి రిపోర్టులో పాజిటివ్ అని వచ్చింది ఆ యాంటీజెనే. మొక్క సారం కలిపి కొన్ని రోజులు ఉంచి, యాంటీజెన్ ఎంతుందో రంగుతో చూపే ఎలైసా పరీక్ష చేస్తాం. పసుపు రంగు ఎంత చిక్కగా వస్తే యాంటీజెన్ అంత ఎక్కువ. సారం మోతాదు పెంచేకొద్దీ ఆ పసుపు పలచబడుతుంది, ఫలితం వచ్చేసిందనిపిస్తుంది. అయితే పక్కనే ఇంకో ప్లేటు పెడతాం, కణాలు బతికున్నాయో లేదో చూడటానికి. బతికున్న కణాలు ఊదా రంగు ఇస్తాయి. చాలా సారాల్లో పసుపూ ఊదా రెండూ కలిసే పడిపోయేవి. అంటే పోయింది వైరస్ కాదు, దాన్ని తయారుచేసే కణాలు.

ఇంకో చిక్కు టానిన్లు. మొక్కలకి వగరునిచ్చే ఈ పదార్థాలు ఏ ప్రోటీన్ దొరికితే దానికి అంటుకుంటాయి. పరీక్ష గొట్టంలో వైరస్ ఎంజైము ఆగిపోయినట్టే కనిపిస్తుంది. కానీ మనం తాగిన పసరులోంచి అంత మోతాదు పేగులు దాటి లివర్‌కి చేరదు.

ఈ రెండు పరీక్షలూ నెగ్గిన సారం ఉన్నా అసలు కష్టం మిగిలే ఉంటుంది. మనిషి లివర్ కణం కేంద్రకంలో వైరస్ తన డీఎన్‌ఏని ఒక చిన్న గుండ్రటి ముక్కగా దాచుకుంటుంది. దాన్నే సీసీసీ డీఎన్‌ఏ అంటారు. టెనోఫోవిర్, అలాంటిదే ఇంకో మందు ఎంటెకావిర్ కూడా దాన్ని తాకలేవు, కొత్త వైరస్ తయారవకుండా మాత్రమే ఆపుతాయి. ఒరిజినల్ దస్తావేజు బీరువాలో ఉండగా జిరాక్సు మిషన్ ఆపినట్టు. అందుకే మాత్ర ఏళ్ల తరబడి వాడాలి, అందుకే మధ్యలో మానేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ దెబ్బతినొచ్చు. అసలు వైరస్ లివర్ కణంలోకి ఏ ద్వారం గుండా వెళ్తుందో తెలిసిందే 2012లో, బీజింగ్‌లోని వెన్‌హుయ్ లీ బృందం వల్ల. పూర్తిగా నయం చేసే మందు కోసం ప్రపంచమంతా ఇంకా కష్టపడుతోంది.

మరి పసరుతో తగ్గినవాళ్లు ఊళ్లో ఉన్నారు కదా అంటారు. నిజమే, ఉన్నారు. పెద్దవాళ్లకి కొత్తగా హెపటైటిస్ బి సోకితే నూటికి 95 మందికి పైగా శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. హెపటైటిస్ ఎ కామెర్లూ వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరంతా పసరుకి దక్కింది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి అలాగే ఉండిపోతుంది. కామెర్లు లేకుండా రక్తదానంలో బయటపడింది కాబట్టి మీ తమ్ముడిది చాలావరకు ఈ పాత రకమే అయ్యుంటుంది. ఆర్నెల్ల తర్వాత కూడా యాంటీజెన్ పాజిటివ్‌గానే ఉంటే అది ఖాయం.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఎందుకంటున్నానంటే, పామర్ బీస్లీ అనే పరిశోధకుడు తైవాన్‌లో 22,707 మంది మగవాళ్లని ఏళ్ల తరబడి గమనించి 1981లో ప్రచురించిన ఫలితాల్లో, ఈ వైరస్ ఉన్నవాళ్లకి లివర్ క్యాన్సర్ ముప్పు లేనివాళ్లకన్నా 223 రెట్లు ఎక్కువని తేలింది. వైరస్ డీఎన్‌ఏ మన డీఎన్‌ఏలో దూరిపోతుంది కాబట్టి సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) రాకుండానే క్యాన్సర్ రావడం కూడా ఉంది. మాత్ర ఆ ముప్పుని బాగా తగ్గిస్తుంది. ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండ్ అవసరమా అన్నది డాక్టర్ని అడగండి.

ఇంట్లో అందరికీ, ముఖ్యంగా మీ అమ్మగారికీ మీకూ, పరీక్ష చేయించండి. నెగటివ్ వచ్చి, ఇదివరకు రక్షణ లేదని తేలినవాళ్లు టీకా వేయించుకోవాలి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలూ మందులూ ఉచితం, జిల్లా ఆసుపత్రిలో అడగండి. మీ తమ్ముడు ఇప్పటికే మాత్ర ఆపేసి ఉంటే ఈ వారమే తీసుకెళ్లి ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష), హెచ్‌బీవీ డీఎన్‌ఏ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసేది) చేయించండి. పసరు తాగిన సంగతి మాత్రం డాక్టరు దగ్గర దాచొద్దు.