కింద బార్ వస్తోందని కంగారు పడుతున్న మా అమ్మాయికి

అమ్మడూ,

నిన్న రాత్రి అల్లుడు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నాను. వెనకాల నువ్వు "బాబాయ్‌కి ఆ టైమింగ్స్ కూడా చెప్పు" అని అరవడం కూడా వినపడింది. మీ ఫ్లాట్ కింద మూతపడ్డ తివాచీల షాపులో బార్ పెడతారట, శుక్ర శనివారాలు రాత్రి రెండింటిదాకా మందు, పాటలు, పైగా వెనక పెరట్లో బల్లలు. బుడ్డోడి గది కిటికీ సరిగ్గా ఆ పెరటి మీదకే కదా. నీకు కోపం రావడం న్యాయమే. కానీ బార్ వద్దంటూ నువ్వు రాసి పంపిన అభ్యంతరం ఉత్తరం డ్రాఫ్ట్ మొత్తం చదివాను, అది మాత్రం కౌన్సిల్‌కి (లైసెన్సు ఇచ్చే మీ మున్సిపాలిటీకి) పంపకు. ఇంకా పంపలేదుగా?

ఎందుకు వద్దంటున్నానంటే, అచ్చం అలాంటి ఉత్తరమే పదేళ్ళ కిందట నేనూ రాశాను. మన నెల్లూరు జిల్లా సంగతి తెలుసుగా. 1992లో దూబగుంటలో రోశమ్మ గారూ ఆడవాళ్ళూ సారా మీద తిరగబడ్డప్పుడు నేను ఉద్యోగంలో చేరిన కొత్త. మా పెద్దమ్మ చీపురు పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చున్న దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఆ ఊపు 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్ళింది, రెండేళ్ళకే సడలిపోయిందనుకో, అది వేరే కథ. ఆ ఊపుతోనే లండన్‌లో మా వీధి చివర బట్టలుతికే షాపు తీసేసి బార్ పెడుతున్నారని తెలియగానే నాలుగు పేజీలు దంచేశాను. తాగుడు సంసారాలు ఎలా కూలుస్తుందో రాశాను, గాంధీ గారిని తెచ్చాను, ఇక్కడ ఇప్పటికే మూడు పబ్బులున్నాయి నాలుగోది ఎందుకన్నాను, మా ఇళ్ళ ధరలు పడిపోతాయన్నాను. అరవై మంది చేత సంతకాలు కూడా పెట్టించాను. కౌన్సిల్ పెట్టిన హియరింగ్‌లో, అంటే విచారణలో, ఛైర్‌పర్సన్ ఒక పెద్దావిడ, చాలా మర్యాదగా, "మీ ఆవేదన అర్థమైంది, కానీ ఇందులో మేం పరిగణించగలిగింది ఏమిటో చూపిస్తారా?" అని అడిగింది. నేను కాగితాలు తిరగేశాను. చూపించడానికి ఏమీ లేదు. వాళ్ళు అడిగిన టైమింగులన్నీ ఇచ్చేశారు.

ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో దీనికంతటికీ ఆధారం 2003 నాటి లైసెన్సింగ్ చట్టం. తాగుడు మంచిదా చెడ్డదా అన్నది ఆ చట్టం అడగదు. అది చూసేవి నాలుగే: నేరాలు, అల్లర్లు జరక్కుండా ఉండటం, జనం భద్రత, చుట్టుపక్కలవాళ్ళకి ఇబ్బంది కలగకపోవడం, పిల్లలకి హాని జరక్కుండా చూడటం. మనం రాసే ప్రతి వాక్యం ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి తగులుకోవాలి. ఇళ్ళ ధరలు తగలవు. "ఇన్ని బార్లు అవసరమా" అన్నది తగలదు, అవసరం అన్నదాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. ఆరోగ్యం కూడా ఇక్కడ విడిగా లేదు, స్కాట్లాండ్‌లో ఉంది. పార్కింగ్ గోల, షాపుని బార్‌గా మార్చడానికి పర్మిషన్ ఉందా లేదా అన్నవి కౌన్సిల్‌లో వేరేగా ఉండే ప్లానింగ్ వాళ్ళ పని. అక్కడా అప్లికేషన్ వేసి ఉంటారు, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో విడిగా వెతుక్కుని అక్కడ విడిగా రాయి, రెండూ కలిపి వండకు.

నీ డ్రాఫ్ట్‌లో "మన సంస్కృతి" అన్న పేరా ఉంది చూడు, అది మొత్తం తీసేయ్. బాధపడకు, నాది నీ దానికంటే పెద్దది.

ఇప్పుడు అసలు పని. కిందకెళ్ళి ఆ షాపు అద్దాల మీద లేత నీలం రంగు కాగితం ఉందేమో చూడు. బార్ పెట్టేవాడు అది కచ్చితంగా అంటించాలి, నడిచి వెళ్ళేవాళ్ళకి కనపడేలా, 28 రోజుల పాటు. మా వీధిలో అయితే పాత సిమ్ కార్డు పోస్టరు పక్కన మోకాలి ఎత్తులో అంటించారు, నేను పేవ్‌మెంటు మీద గొంతుక్కూర్చుని చదువుతుంటే ఒకావిడ ఒంట్లో బాలేదేమోనని ఆగి అడిగింది. ఏం కావాలని అప్లికేషన్ పెట్టారో, అభ్యంతరాలకి చివరి తేదీ ఎప్పుడో అందులో ఉంటుంది. ఆ తేదీ దాటితే నువ్వెంత బాగా రాసినా తీసుకోరు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఆ గడువు లోపల పోలీసుల నుంచి గానీ వేరే శాఖల నుంచి గానీ మనలాంటి వాళ్ళ నుంచి గానీ పనికొచ్చే అభ్యంతరం ఒక్కటీ రాకపోతే కౌన్సిల్ లైసెన్సు ఇచ్చి తీరాలి. ఇవ్వకుండా ఉండే అధికారం దానికి లేదు. కనుక "ఎవరో ఒకరు రాస్తార్లే" అనుకోకు.

అల్లుడు ఒక మాటన్నాడు, మనం అద్దెకుంటున్నాం, వీసా మీద ఉన్నాం, మనకెందుకొచ్చిన తంటా అని. అద్దెకున్నా సొంతానికున్నా, ఏ దేశం పాస్‌పోర్టు ఉన్నా ఎవరైనా రాయొచ్చు, ఫీజు లేదు, వీసాకీ దీనికీ ఏ సంబంధం లేదు. కాకపోతే పేరూ అడ్రసూ ఇవ్వాలి, అవి మామూలుగా బార్ వాళ్ళకి కూడా వెళ్తాయి. అది ముందే తెలుసుకుని రాయండి, తర్వాత కంగారు పడొద్దు.

కౌన్సిల్‌కి ఫోన్ చేసి లేదా మెయిల్ పెట్టి అప్లికేషన్ మొత్తం తెప్పించుకో. అందులో ప్లాన్ ఉంటుంది, పెరడు ఎంతవరకు వాడతారో గీత గీసి ఉంటుంది. ఆపరేటింగ్ షెడ్యూల్ అని ఒకటుంటుంది, గోల కాకుండా వాళ్ళేం చేస్తామంటున్నారో అందులో రాస్తారు. చాలాసార్లు ఆ గళ్ళలో "స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇస్తాం" అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. నీ ఉత్తరానికి బలం అక్కడే దొరుకుతుంది. అలాగే ప్రతి కౌన్సిల్‌కీ సొంత లైసెన్సింగ్ పాలసీ ఒకటి ఉంటుంది, అందులో ఇళ్ళ మధ్య ఏ టైము దాకా ఇస్తామన్నారో, మీ రోడ్డుని ఇప్పటికే బార్లు ఎక్కువైన ఏరియాగా గుర్తించారేమో చూడు. గుర్తించి ఉంటే నీ పని సగం అయిపోయినట్టే.

ఇక రాయడం. "బార్ వస్తే గోల అవుతుంది" అని రాస్తే ఎవరైనా అనే మాటే. "మా అబ్బాయికి రెండేళ్ళు, వాడి మంచం పక్క కిటికీకీ పెరటి గోడకీ మధ్య దూరం మూడు మీటర్లు, కిటికీ సింగిల్ గ్లాస్, ఎండాకాలం అది తెరవకపోతే గదిలో పడుకోలేం, కింద ఇద్దరు మామూలుగా మాట్లాడుకున్నా మాటలు వినపడతాయి" అని రాస్తే అది నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేనిది. టేపు పెట్టి కొలిచి రాయి, నేను చెప్పిన అంకె వేసేయకు. ఇంకా తెరవని బార్ గోల ఇప్పుడెలా చూపిస్తాం అంటావేమో. బార్ లేకపోయినా వీధి ఉందిగా. రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకో. శుక్రవారం రాత్రి 11.40, చికెన్ షాపు ముందు ఆరుగురు, పావుగంట. శనివారం 12.15, ఎవరో మీ గుమ్మంలో మూత్రం పోశారు, ఫోటో. మూల మీది పబ్బు మూసే టైముకి ఇప్పుడెలా ఉంటుందో రాస్తే, దాని పక్కన రెండింటిదాకా ఇంకొకటి వస్తే ఏమవుతుందో హియరింగ్‌లో కూర్చునే ముగ్గురు కౌన్సిలర్లూ వాళ్ళే ఊహించుకుంటారు. మీ గుమ్మం, ఆ పెరడు, ఆ తలుపు ముందరి పేవ్‌మెంటు, వీటి దగ్గరే ఉండు. నాలుగు వీధుల అవతల తాగి కొట్టుకున్నవాళ్ళ సంగతి రాస్తే బార్ వాళ్ళ లాయరు అది బార్ ఖాతాలోది కాదని ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తాడు.

సంతకాల కాగితం పట్టుకుని తిరగకు. ఒకే ఉత్తరాన్ని ఇరవై మంది కాపీ చేసి పంపినా అంతే, ఫలితం ఉండదు. దానికంటే పక్క ఫ్లాట్ ముసలాయన తన సొంత మాటల్లో అరపేజీ రాసినా నయం. ఆయనకి కంప్యూటర్ రాకపోతే నువ్వు టైపు చేసిపెట్టు, మాటలు మాత్రం ఆయనవే ఉండనీ. కౌన్సిల్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అని ఒక శాఖ ఉంటుంది, గోల సంగతి చూసేది వాళ్ళే. వాళ్ళకి మెయిల్ పెట్టి బెడ్‌రూమ్ ఎక్కడుందో చెప్పు. వాళ్ళు కూడా అభ్యంతరం పెట్టారంటే నీ మాటకి పదింతల బరువు వస్తుంది.

ఇప్పుడు నేను చెప్పేది నీకు నచ్చదు. "ఈ లైసెన్సు ఇవ్వొద్దు" అని అడుగు, తప్పులేదు, కానీ అక్కడితో ఆపకు. "ఒకవేళ ఇస్తే ఈ షరతులు పెట్టండి" అని కింద రాయి. పూర్తిగా కొట్టేయడం ఎప్పుడో గానీ జరగదు, షరతులు పెట్టడం మాత్రం రోజూ జరిగేదే. పెరడు రాత్రి తొమ్మిదింటికి మూసేయాలి, పాటలు పెట్టినప్పుడు వెనక తలుపులు, కిటికీలు వేసి ఉంచాలి, శబ్దం హద్దు దాటకుండా ఆపే సౌండ్ లిమిటర్ పెట్టాలి, మూసే టైముకి డోర్ దగ్గర మనిషి ఉండి జనాన్ని మెల్లిగా పంపేయాలి, ఏదైనా అయితే అప్పటికప్పుడు ఎత్తే ఫోన్ నంబరు ఇరుగుపొరుగుకి ఇవ్వాలి. సీసాల సంగతి మరిచిపోకు. మాకు రెండేళ్ళు నిద్ర లేకుండా చేసింది పాటలు కాదు, సీసాలే. అర్ధరాత్రి దాటాక ఒక కుర్రాడు నిండు డబ్బా ఎత్తి పెద్ద బిన్నులో గుమ్మరించేవాడు, ఇత్తడి గిన్నెల బీరువా మేడ మీంచి తోసేసినట్టుండేది, మీ పిన్ని దిగ్గున లేచి కూర్చునేది. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఎనిమిది దాకా సీసాలు బయట పారబోయకూడదు అని ఒక్క లైను ముందే అడిగి ఉంటే ఆ రెండేళ్ళు తప్పేవి. పాటల విషయంలో ఒకటి గుర్తుపెట్టుకో, 2015 నుంచి, మందు అమ్మే చోట ప్రేక్షకులు 500 మంది మించకపోతే రాత్రి 11 దాకా లైవ్ మ్యూజిక్‌కి విడిగా లైసెన్సు అక్కర్లేదు. అందుకని నీ బలమంతా పదకొండు తర్వాతి గంటల మీద పెట్టు.

ఉత్తరం పంపాక బార్ వాళ్ళ లాయరో ఏజెంటో ఫోన్ చేస్తాడు, చూస్తూ ఉండు. "ఒంటిగంటకి తగ్గిస్తాం, అభ్యంతరం వెనక్కి తీసుకోండి" అంటాడు. మాట్లాడు, కోప్పడకు, ఫోన్ మీద మాత్రం ఒప్పుకోకు. మెయిల్‌లో రాసివ్వమను, ఆ షరతులు లైసెన్సులోనే రాస్తారా లేక నోటిమాటేనా అని కౌన్సిల్ ఆఫీసర్ని అడుగు. ఆ బార్ పెట్టే కుర్రాడు కూడా అప్పుచేసి పెడుతున్నాడేమో, మనకి పగ ఏముంది? నేనూ శనివారం సాయంత్రం ఒక పైంటు బీరు తాగుతాను, మీ పిన్నికి తెలుసు.

రాజీ కుదరకపోతే హియరింగ్ ఉంటుంది, గడువు ముగిశాక మామూలుగా 20 పనిదినాల లోపు. నోటీసు వస్తుంది, వస్తున్నానని జవాబివ్వాలి, మరిచిపోకు. ముగ్గురు కౌన్సిలర్లు, పక్కన ఒక లాయరు, ఒక క్లర్కు, అంతే. కోర్టు కాదు, టెన్షన్ వద్దు. మాట్లాడేందుకు ఎవరికైనా ఒకటే టైము ఇస్తారు, అది ఐదు నిమిషాలు కూడా కావచ్చు. ఉత్తరంలో లేని కొత్త విషయం అక్కడ ఎత్తనివ్వరు. ఫోటోలూ ప్లానూ ముందే పంపేయాలి, అక్కడికక్కడ బయటికి తీస్తే అవతలివాళ్ళు ఒప్పుకుంటే గానీ చూడరు. ఉత్తరం చదవకు, వాళ్ళు చదివే వస్తారు. కిటికీ ఫోటో చూపించి నాలుగు మాటలు చెప్పు, చివర్లో నీ షరతులు చెప్పి కూర్చో.

మా కథ అక్కడితో ఆగలేదులే. లైసెన్సు వచ్చాక కూడా దాన్ని మళ్ళీ విచారించమని అడిగే హక్కు మనకుంది, రివ్యూ అంటారు. రెండేళ్ళ తర్వాత నేను ఈసారి గాంధీ గారిని ఇంట్లో వదిలేసి, 41 రాత్రుల డైరీ పట్టుకెళ్ళాను. ఆవిడే ఛైర్‌పర్సన్. ఒక్క ప్రశ్న అడిగింది, "మీ బెడ్‌రూమ్ ఏ వైపు?" అని. సీసాల షరతు ఆ రోజే వచ్చింది, పెరడు తొమ్మిదింటికి మూయడం కూడా. నిర్ణయం నచ్చకపోతే 21 రోజుల లోపు మెజిస్ట్రేటు కోర్టుకి వెళ్ళొచ్చు, కానీ ఓడితే ఖర్చులు మీద పడే ప్రమాదం ఉంది, కనుక దాని గురించి ఇప్పుడు ఆలోచించకు.

ఆదివారం మధ్యాహ్నానికి రెండో డ్రాఫ్ట్ పంపు, ఒకటిన్నర పేజీ మించకుండా. ఈలోగా ఆ నీలం కాగితం తేదీ కనపడేలా ఫోటో తీసి పెట్టు. అల్లుడు నెలాఖరు దాకా టైముందంటున్నాడు, ఆయన లెక్కలు నాకు తెలుసు.

మీ
బాబాయి

తా.క. ఇది మీ నాన్నకి ఫార్వర్డ్ చేసేట్టయితే ఆ పైంటు ముక్క తీసేయ్. అన్నయ్యకి తెలియదు.