చీటీ ఎవరు తీశారు, సీడ్ ఎవరికిచ్చారు?

దసరా టోర్నమెంట్లు అయిపోయాయి, ఇంకా గొడవలు మాత్రం అయిపోలేదనుకుంటా. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ డ్రా గురించే. ఒకవైపు మన మండలం గ్రౌండ్, ఇంకోవైపు యూరప్ క్లబ్బులు ఆడే ఫుట్‌బాల్ టోర్నమెంట్ ఛాంపియన్స్ లీగ్. రెండింటికీ లెక్క ఒకటే కాబట్టి కలిపే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఊళ్లో 13 జట్లతో ఫుట్‌బాల్ నాకౌట్ పెట్టాం. స్టీలు గిన్నెలో చీటీలేసి చిన్నపాపతో తీయించాం. నిరుడు ఫైనల్ ఆడిన రెండు జట్లూ మొదటి రోజే తలపడ్డాయి. జనమంతా ఆ మ్యాచ్‌కే వచ్చారు, ఫైనల్ రోజు గ్రౌండ్ సగం ఖాళీ. వచ్చే ఏడు సీడింగ్ (బలమైన జట్లు ముందే తలపడకుండా ఫిక్చర్‌లో వేరువేరుగా పెట్టడం) పెడదామంటే కొందరు పక్షపాతం అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పీఈటీ, మిర్యాలగూడ దగ్గర

సార్, మీకు జరిగింది యూరప్‌లో పెద్ద పెద్ద వాళ్లకే జరిగింది. 1987లో మారడోనా ఆడే నాపోలీ మొదటిసారి ఇటలీ ఛాంపియన్ అయి యూరోపియన్ కప్‌కు (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్‌కు పాత పేరు) వచ్చింది. మొదటి రౌండ్‌లోనే ఎవరు తగిలారు? రియల్ మాడ్రిడ్. అక్కడ 2-0తో ఓడి, సొంతూరు నేపుల్స్‌లో 1-1తో సమం చేసి, సెప్టెంబర్ నెలాఖరుకే మారడోనా ఇంటికెళ్లిపోయాడు. ఏడాదంతా కష్టపడి లీగ్ గెలిచిన జట్టుకు ఆ కప్‌లో మిగిలింది రెండంటే రెండు మ్యాచ్‌లు. ఇట్లా అయితే పెద్ద క్లబ్బులకు గిట్టుబాటు కాదని అప్పట్లో మిలాన్ యజమాని బెర్లుస్కోనీ లాంటి వాళ్లు గట్టిగా పట్టుబట్టారు, 1991-92 నుంచి గ్రూప్ దశ (నాలుగేసి జట్లు తమలో తాము ఆడుకునేది) వచ్చింది.

సీడింగ్ పక్షపాతం అవునా కాదా అనేది ఒక్కదాని మీదే ఆధారపడుతుంది, అది ఎప్పుడు చెప్పారు, దేన్ని బట్టి ఇచ్చారు అన్నదాని మీద. నిరుడు విన్నర్, రన్నర్, సెమీస్ ఓడిన ఇద్దరు, ఈ నలుగురే సీడ్ అని ఎంట్రీ ఫీజు తీసుకునేటప్పుడే కాగితం మీద రాసి గోడకు అంటించండి, ఎవరూ నోరెత్తరు. జట్లన్నీ వచ్చాక, ముఖాలు చూశాక సీడ్ ఇస్తేనే తిడతారు, తిట్టాలి కూడా.

ఇక ఫిక్చర్. 13 జట్లంటే 16 గడులు గీయండి, మూడు బైలు (మొదటి రౌండ్ ఆడకుండానే రెండో రౌండ్‌కు పోవడం) వస్తాయి, ఆ మూడూ మొదటి మూడు సీడ్లకే పోవాలి. మొదటి సీడ్ పైచివర, రెండో సీడ్ కిందిచివర, అప్పుడు వాళ్లు ఫైనల్‌కు ముందు కలవనే కలవరు. మూడు, నాలుగు సీడ్లలో ఎవరు పై సగంలోకి, ఎవరు కింది సగంలోకి అన్నది చీటీ వేసి తేల్చండి. మిగతా తొమ్మిది జట్లకూ మీ స్టీలు గిన్నె, మీ చిన్నపాప చాలు. మొదటి రౌండ్‌లో ఐదు మ్యాచ్‌లు, మొత్తం టోర్నమెంట్ 12 మ్యాచ్‌లు.

ఒక్క జాగ్రత్త. ఒకే ఊరి రెండు జట్లు మొదటి రౌండ్‌లో పడొద్దు అనే రూల్ పెట్టే ఉద్దేశం ఉంటే ముందు ఇది చూడండి. గిన్నెలో నాలుగు చీటీలు మిగిలాయనుకుందాం: హాలియా ఎ, హాలియా బి, దేవరకొండ, నకిరేకల్. పాప మొదట దేవరకొండ తీసింది, తర్వాత నకిరేకల్ తీసింది. బాగానే ఉంది అనుకుంటాం, కానీ గిన్నెలో మిగిలింది హాలియా ఎ, హాలియా బి. రూల్ బోల్తా పడింది. అంటే దేవరకొండ వచ్చినప్పుడే నకిరేకల్ చీటీ పక్కన పెట్టి, రెండు హాలియా చీటీల్లోంచే ఒకటి తీయించాలి. 2024కు ముందు ఛాంపియన్స్ లీగ్ డ్రాలో ఒక బంతి తీయగానే తెర మీద కంప్యూటర్ 'వీళ్లకు వీళ్లే పడొచ్చు' అని చూపించేది కదా, అది చేసిన పని ఇదే. చాలామంది దాన్ని చూసి ఏదో మతలబు అనుకునేవారు. ముందే దారి చూసుకోకపోతే చివర్లో ఇరుక్కుపోతారు, అంతే.

ప్రశ్న: 2024-25లో లివర్‌పూల్ పట్టికలో ఫస్ట్ వచ్చింది, అయినా ప్యారిస్ క్లబ్ పీఎస్‌జీ తగిలి పోయింది. ఫస్ట్ వచ్చి లాభమేంటన్నా? అసలు ఈ 36 జట్ల పద్ధతి నాకింకా ఎక్కలేదు.
- డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

తమ్ముడూ, ముందు పద్ధతి. ఇంతకుముందు 32 జట్లు, నాలుగేసి చొప్పున ఎనిమిది గ్రూపులు. 2024 నుంచి 36 జట్లకూ కలిపి ఒకటే పట్టిక. తొమ్మిదేసి జట్లతో నాలుగు పాట్‌లు (ర్యాంకింగ్‌ను బట్టి డ్రా కోసం చేసే గుంపులు) చేస్తారు. ప్రతి జట్టుకు ఒక్కో పాట్ నుంచి ఇద్దరు ప్రత్యర్థులు, ఒకరితో సొంత గ్రౌండ్‌లో, ఇంకొకరితో బయట. మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు, ఎనిమిది వేర్వేరు జట్లు. నీ దేశం జట్టు నీకు పడదు, ఇంకే దేశం నుంచైనా ఇద్దరికి మించి పడరు. ఇవన్నీ చేత్తో తీస్తే వెయ్యి దాకా బంతులు కావాలి, గంటలు పడుతుంది, అందుకే జట్టు పేరు మాత్రం చేత్తో తీసి ప్రత్యర్థుల్ని కంప్యూటర్‌కు వదిలారు. మొదటిసారి మొనాకోలో 2024 ఆగస్టు 29న చేశారు, మన టైమ్‌కు రాత్రి తొమ్మిదిన్నర.

పట్టికలో మొదటి ఎనిమిది నేరుగా ప్రీక్వార్టర్స్‌కు, 9 నుంచి 24 దాకా ప్లేఆఫ్ (అది గెలిస్తేనే ప్రీక్వార్టర్స్), 25 నుంచి కింద ఉన్నవాళ్లు ఇంటికి.

నువ్వడిగిన లివర్‌పూల్ ఎనిమిదిలో ఏడు గెలిచి ఫస్ట్ వచ్చింది. ఫస్ట్, సెకండ్ వచ్చినవాళ్లకు 15 నుంచి 18 స్థానాల మధ్య ప్లేఆఫ్ గెలిచిన ఇద్దరిలో ఒకరు పడతారు. ఆ ఇద్దరు పీఎస్‌జీ, బెన్ఫికా. బార్సిలోనాకు బెన్ఫికా, లివర్‌పూల్‌కు పీఎస్‌జీ వచ్చాయి. బొమ్మా బొరుసా అన్నంత తేడా. లివర్‌పూల్ ప్యారిస్‌లో 1-0తో గెలిచి, సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో 0-1తో ఓడి, రెండూ కలిపి సమం కావడంతో పెనాల్టీల్లో పోయింది. ఆ పీఎస్‌జీయే ఫైనల్‌లో ఇంటర్‌ను 5-0తో కొట్టి కప్పు ఎత్తింది.

కానీ పీఎస్‌జీ 15వ స్థానంలో ఎందుకుందో కూడా చూడాలి. మొదటి పాట్‌లో ఉన్న జట్టే, డ్రాలో మాంచెస్టర్ సిటీ, బేయర్న్, అట్లెటికో, ఆర్సెనల్ నలుగురూ మీద పడ్డారు. 15 అనేది జట్టు బలం కాదు, డ్రా బరువు కూడా అందులో కలిసింది. అదే నాకు ఈ పద్ధతిలో నచ్చనిది: అందరూ ఒకే పట్టికలో ఉన్నా అందరూ రాసింది ఒకే పరీక్ష పేపర్ కాదు. ఫస్ట్ వచ్చినందుకు లాభం సరిపోలేదని వాళ్లకూ అనిపించినట్టుంది, 2025-26 నుంచి టాప్ నాలుగు జట్లకు క్వార్టర్స్‌లో, టాప్ రెండింటికి సెమీస్‌లో కూడా రెండో మ్యాచ్ సొంత గ్రౌండ్‌లో ఆడే వీలు ఇచ్చారు.

ఇంకో సంగతి, నువ్వు అడగకపోయినా. 2015 నుంచి 2023-24 సీజన్ దాకా మొదటి పాట్‌లో డిఫెండింగ్ ఛాంపియన్‌తో పాటు పెద్ద లీగ్‌ల విజేతలను పెట్టేవారు. అందుకే 2016లో లెస్టర్ సిటీ, ఛాంపియన్స్ లీగ్ ముఖమే చూడని జట్టు, ఇంగ్లండ్ ఛాంపియన్ హోదాలో మొదటి పాట్‌లో కూర్చుంది. పోర్టో, బ్రూగ్, కోపెన్‌హేగన్ పడ్డాయి, గ్రూప్‌లో ఫస్ట్ వచ్చింది, క్వార్టర్స్ దాకా పోయింది. ఇప్పుడైతే కప్పు గెలిచినవాళ్లను పక్కనపెడితే మిగతా అందరికీ ఐదేళ్ల యూరప్ ఫలితాల పాయింట్లే లెక్క. కొత్తగా లీగ్ గెలిచి వచ్చినవాడు కింది పాట్‌కే. నిరుడు గెలిచినవాడికి సీడ్ ఇవ్వడం న్యాయం, ఐదేళ్ల కింద గెలిచినదానికి ఇవాళ నీడ ఇవ్వడం నాకు నచ్చదు.

ప్రశ్న: డ్రా ఫిక్స్ చేస్తారని, కొన్ని బంతులు ఫ్రిజ్‌లో పెడతారని మా దోస్తులు అంటారు. నిజమేనా?
- సెల్‌ఫోన్ షాపు నడిపే పాఠకుడు, దేవరకొండ

ఆ మాట మీ దోస్తులు పుట్టించింది కాదు. ఫిఫా మాజీ అధ్యక్షుడు సెప్ బ్లాటర్ 2016లో ఒక ఇంటర్వ్యూలో, తాను ఎప్పుడూ చేయలేదని, కానీ ఒక యూరప్ డ్రాలో చల్లబెట్టిన బంతులు వాడటం చూశానని చెప్పాడు. ఒకరి మాట అది, దాన్ని పట్టుకుని ప్రతి డ్రానూ అనుమానించడం సరికాదు.

అయినా ఆ మాట చదివినప్పుడు నాకు మన జిల్లాలోనే ఒక పాత కబడ్డీ టోర్నమెంట్ గుర్తొచ్చింది. పేరు వద్దు. నేను చీటీలు మడిచే పిల్లల్లో ఒకణ్ని. అన్నీ నోట్‌బుక్ కాగితాలు, ఒక్కటి మాత్రం ఎవరో క్యాలెండర్ కాగితం మీద రాసి తెచ్చి వేశారు. నున్నగా, మందంగా ఉంటుంది, కళ్లు మూసుకున్నా వేలికి తెలుస్తుంది. ఆ చీటీకే బై వచ్చింది. మరుసటి ఏడు కూడా ఆ జట్టుకే బై. ఆ రోజు నేను నోరు విప్పలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే చెప్తున్నా, ఒకే నోట్‌బుక్‌లోంచి, ఒకే సైజులో చించిన కాగితాలు, అందరి ముందూ రాసి, అందరి ముందూ మడవాలి.

పెద్ద డ్రాల్లో నేను కళ్లారా చూసింది మోసం కాదు, పొరపాటు. 2021 డిసెంబర్ 13, ఛాంపియన్స్ లీగ్ ప్రీక్వార్టర్స్ డ్రా. విల్లారియల్‌కు మాంచెస్టర్ యునైటెడ్ బంతి వచ్చింది, ఇద్దరూ ఒకే గ్రూప్‌లో ఆడినవాళ్లు కాబట్టి పడకూడదు, పక్కన పెట్టి ఇంకో బంతి తీశారు. అక్కడితో అయిపోతే బాగుండేది. తర్వాత అట్లెటికో వంతు వచ్చినప్పుడు యునైటెడ్ బంతిని తిరిగి గిన్నెలో వేయడం మరిచారు, పడకూడని లివర్‌పూల్‌ను వేశారు. తప్పు సాఫ్ట్‌వేర్‌దని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా చెప్పి, ఆ మధ్యాహ్నమే మొత్తం డ్రా రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి తీసింది. రియల్ మాడ్రిడ్‌కు మొదట బెన్ఫికా వచ్చింది, రెండోసారి మెస్సీ, ఎంబాపే, నెయ్‌మార్ ఉన్న పీఎస్‌జీ. మాడ్రిడ్ వాళ్ల కడుపు మండింది. తర్వాత ఏమైంది? బెంజెమా హ్యాట్రిక్‌తో మొత్తం 3-2గా పీఎస్‌జీని దాటారు, చివరికి కప్పు కూడా వాళ్లదే.

తప్పు జరిగిన రోజే ఒప్పుకుని, ఒక్క జోడీ కాకుండా మొత్తం మళ్లీ తీశారు చూడండి, అది నాకు నచ్చింది. మన దగ్గర కమిటీ వాళ్లు ఆ ఒక్క పని చేస్తే సగం తలకాయలు పగలవు.

ప్రశ్న: ఎఫ్‌సీ గోవాకు రొనాల్డో క్లబ్ ఎలా పడింది? పడ్డా ఆయన రాలేదు. టికెట్ కొందామని ఆశపడ్డాను.
- సూర్యాపేట పాఠకుడు

2025 ఆగస్టులో ఎఫ్‌సీ గోవా ఒమన్ జట్టు అల్ సీబ్‌ను 2-1తో ఓడించి ఏఎఫ్‌సీ ఛాంపియన్స్ లీగ్ టూ (ఆసియా క్లబ్బుల రెండో స్థాయి టోర్నమెంట్) గ్రూప్ దశకు వచ్చింది. రెండు రోజులకే కౌలాలంపూర్‌లో డ్రా, రొనాల్డో సౌదీ క్లబ్ అల్ నస్ర్ ఉన్న గ్రూప్‌లోనే పడింది. ఆసియాలో పాట్‌లు క్లబ్ సొంత చరిత్ర కంటే దేశం క్లబ్బుల ర్యాంకింగ్‌ను బట్టే ఎక్కువ నడుస్తాయి. సౌదీ పైన, మనం కింద. కాబట్టి మన క్లబ్‌కు ఎప్పుడూ కొండ లాంటి జట్టు ఒకటి తగులుతూనే ఉంటుంది. అక్టోబర్ 22న గోవాలోని ఫతోర్డాలో మ్యాచ్, రొనాల్డో రాలేదు, అల్ నస్ర్ 2-1తో గెలిచింది. 2023లో ముంబై సిటీకి అల్ హిలాల్ పడ్డప్పుడూ ఇంతే, నెయ్‌మార్ వస్తాడని జనం ఎగబడ్డారు, ఆయనకు దేశం తరఫున ఆడుతుంటే మోకాలు దెబ్బతింది. డ్రాలో వచ్చేది క్లబ్ పేరు, ఆటగాడి పేరు కాదు. టికెట్ కొంటే జట్టు కోసం కొనండి. ఆ గోవా మ్యాచ్‌లో మనవాళ్లు ఒక గోల్ తేడాకు తెచ్చారంటే చిన్న విషయం కాదు, నేనైతే సీట్లో కూర్చోలేకపోయాను.

ప్రశ్న: అమ్మాయిల ఛాంపియన్స్ లీగ్‌లో కూడా ఇదే డ్రానా?
- ఇంటర్ సెకండియర్, గద్వాల

దాదాపు ఇదే, చెల్లెమ్మా. యూరప్‌లో 2025-26 నుంచి 18 జట్లు, ఆరేసి చొప్పున మూడు పాట్‌లు, ఒక్కో పాట్ నుంచి ఇద్దరు, మొత్తం ఆరు మ్యాచ్‌లు. మొదటి నలుగురు నేరుగా క్వార్టర్స్‌కు, 5 నుంచి 12 దాకా ప్లేఆఫ్. ఆసియాలో కూడా అమ్మాయిల ఛాంపియన్స్ లీగ్ ఉంది, ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు 2025 నవంబర్‌లో అందులో ఇరాన్ జట్టు బామ్ ఖాతూన్‌ను 3-1తో ఓడించారు. పీఈటీ సార్‌కు పైన గీసి చెప్పిన 16 గడుల ఫిక్చర్ మీ కాలేజీ టోర్నమెంట్‌కూ పనికొస్తుంది, జట్లు ఎన్నో రాసి పంపు, బైలు ఎవరికో లెక్క వేసి వచ్చే సంచికలో ఇస్తాను.