హెచ్-1బి వీసా మీద అమెరికా వచ్చాక షేర్లలో డబ్బు పెట్టే దారి

"ఏ షేరు కొనమంటారు?" అన్నది ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ల మొదటి సందేహం. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది, ఆ డబ్బుతో మీకు ఎప్పుడు పని పడుతుందో. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. లేఆఫ్‌లు తరచుగా మార్కెట్ పడ్డప్పుడే వస్తాయి కనుక, అమ్మకూడని రోజుల్లోనే అమ్ముకోవాల్సి వస్తుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఇంటిల్లిపాదికీ ఇండియా టికెట్ల డబ్బు ఎక్కువ వడ్డీ ఇచ్చే హై యీల్డ్ సేవింగ్స్‌లో పడ్డాకే మిగతా మాట.

కంపెనీ జీతంతోపాటు షేర్ల రూపంలో ఇచ్చిన ఆర్‌ఎస్‌యూలను అలాగే పోగేసుకుంటే జీతం, వీసా, పొదుపు మూడూ ఒకే గుంజకు కట్టినట్టే. అవి పూర్తిగా మీ సొంతమైన (వెస్ట్ అయిన) రోజు విలువ ఎలాగూ జీతంలో కలిసి పన్నుకు వస్తుంది. ఆ రోజే అమ్మేస్తే అదనపు పన్ను దాదాపు ఉండదు. మెలిక ఇంకోచోట ఉంది. కంపెనీలు వీటిపై ఫెడరల్ పన్ను చాలావరకు 22 శాతమే పట్టుకుంటాయి. మీ శ్లాబు 32 శాతమైతే తక్కిన పది శాతం రిటర్న్ వేసేటప్పుడు జేబులోంచి తీయాలి.

రిటైర్మెంటు పొదుపు ఖాతా అయిన 401కె లో కంపెనీ మ్యాచ్ (మీరు వేసినదానికి తోడుగా అది వేసే డబ్బు) ఇచ్చినంతవరకైనా వేయండి. తరచూ కంపెనీలు మారేవాళ్లు ఆ మ్యాచ్‌కు వెస్టింగ్ ఎన్నేళ్లో ముందే చూసుకోవాలి. 59½ ఏళ్లలోపు తీస్తే సాధారణంగా పన్నుతోపాటు 10 శాతం జరిమానా.

ఆ పైన మిగిలింది నెలనెలా, మార్కెట్ సూచీలోని షేర్లన్నీ కలిపి కొనే ఇండెక్స్ ఫండ్‌లోకి. అయితే మీ గుండె నిబ్బరం ఎంతో చూసుకోండి: 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి దాకా అమెరికా పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పి 500 సుమారు 57 శాతం పడింది, పాత ఎత్తుకు చేరేసరికి 2013 వచ్చింది. పదివేల డాలర్లు 4,300 అయితే నిద్రపట్టని మనిషి సగం బాండ్లలో పెట్టుకోవడమే మేలు. లాభం తగ్గుతుంది, మధ్యలో దిగిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

అసలు చిక్కంతా ఇండియాలో వదిలేసి వచ్చిన సిప్‌లతో. అమెరికా పన్ను లెక్కలో మీరు రెసిడెంట్ అయ్యారంటే అక్కడి మ్యూచువల్ ఫండ్లు విదేశీ పెట్టుబడి కంపెనీల పన్ను వర్గమైన పీఎఫ్‌ఐసీ కిందికి వస్తాయి. చిన్న మొత్తాలకు మినహాయింపు పోను, ఒక్కో ఫండ్‌కూ ఏటా ఒక్కో ఫారం 8621. అమ్మినప్పుడు మామూలు పద్ధతిలో లాభాన్ని దాచుకున్న ఏళ్లన్నిటికీ పంచి, గరిష్ఠ రేటుతో పన్ను, దానిమీద వడ్డీ వేస్తారు. విమానం ఎక్కకముందే అమ్ముకుంటే ఈ బెడద లేదు. ఎఫ్-1 విద్యార్థులకు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్లు రెసిడెంట్ లెక్కలోకి రాని వెసులుబాటు ఉంటుంది. నేరుగా కొన్న ఇన్ఫోసిస్ లాంటి షేర్లకు ఈ గొడవ లేదు గానీ, బ్యాంకు, డీమ్యాట్ అన్నీ కలిపి ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా, విదేశీ ఖాతాలను అమెరికా ప్రభుత్వానికి తెలిపే ఎఫ్‌బార్ వేయాల్సిందే. ఇండియా మార్కెట్ మీద మోజు తీరకపోతే అమెరికాలోనే ఏర్పాటైన షేరులా మార్కెట్లో దొరికే ఇండియా ఫండ్ (ఈటీఎఫ్) కొనుక్కోండి. దానికి 8621 అక్కర్లేదు.