అలకపాన్పు అగ్నిపర్వతం దాకా

ఉత్తరం చాలా పెద్దది. సంగతి మాత్రం ఇది. రాసినామెకు ఇరవై ఆరేళ్లు. గుంటూరులో పుట్టి పెరిగింది, మొన్న మాఘమాసంలో పెళ్లయింది, ఇప్పుడు భర్తతో డాలస్‌లో ఉంటోంది. జూన్‌లో ఇద్దరూ కోస్టారికాకు హనీమూన్ వెళ్లొచ్చారు. అరెనాల్ అగ్నిపర్వతం దగ్గర నాలుగు రోజులు, మోంతేవెర్దే మబ్బుల అడవిలో నాలుగు రోజులు. అరెనాల్ దగ్గరున్నన్నాళ్లూ వానే. కొండ ఒక్కసారి కూడా పూర్తిగా కనిపించలేదట. భర్త ముఖం మాడ్చుకున్నాడు. "మీ నాన్న మబ్బులు చూడ్డానికి పంపించాడు" అన్నాడు. అత్తగారు రోజూ రాత్రి వీడియో కాల్ చేసి "ఏదిరా అగ్నిపర్వతం, చూపించు" అంటూ గంటసేపు కూర్చునేదట. ఆడపడుచు హనీమూన్ స్విట్జర్లాండ్‌లో జరిగిందన్న మాట రోజుకోసారి వచ్చేదట. తిరిగొచ్చాక కూడా మొగుడూ పెళ్లాల మధ్య మాటలు అంతంతమాత్రమే. ఇప్పుడు అమ్మాయి తండ్రి, మొదటి పెళ్లిరోజుకు ఇద్దర్నీ స్విట్జర్లాండ్ పంపిస్తానంటున్నాడు. ఆమె ప్రశ్న: "వెళ్తే మా మధ్య సర్దుకుంటుందా? అక్కడికి కూడా అత్తగారు రోజూ ఫోన్ చేస్తే ఎలా ఆపాలి?"

వెళ్లకండి. మీ మొదటి ప్రశ్నకు జవాబు అంతే. రెండోదానికి అంత కూడా అక్కర్లేదు. కొడుకు అగ్నిపర్వతం చూడ్డానికి వెళ్తే తల్లికి చూడాలని ఉండదా? గంట కాకుండా పది నిమిషాలు మాట్లాడమని మీ ఆయనకు చెప్పండి, చాలు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. మూడో పేజీలో ఇలా రాశారు: "మోంతేవెర్దే చేరాక సిగ్నల్ వచ్చింది. సాయంత్రం నాలుగైంది. ఏడుపు ఆపుకోలేక నాన్నకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు."

అప్పుడు గుంటూరులో ఎంతైందో మాత్రం రాయలేదు. కోస్టారికాకూ మనకూ పదకొండున్నర గంటల తేడా. మీకు సాయంత్రం నాలుగంటే మీ నాన్నకు తెల్లవారుజామున మూడున్నర. అరవై రెండేళ్ల మనిషి, బీపీ మాత్రలు వేసుకునే మనిషి, మూడున్నరకు మొదటి రింగుకే ఫోన్ ఎత్తాడంటే ఆయన పడుకోలేదన్నమాట. రెండు రోజులుగా మీ దగ్గర్నుంచి మెసేజ్ లేదు. అల్లుడికి కొండ కనిపించిందో లేదో, కూతురు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియక ఫోన్ చేతిలో పెట్టుకుని హాల్లో కూర్చున్నాడు. మీరు అత్తగారి మీద రెండు పేజీలు రాశారు గానీ ఈయన మీద ఆ రెండు ముక్కలే రాశారు.

ఇంకా కొన్ని సంగతులు బ్రాకెట్లలో దాచారు. నాన్న కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు, బ్రాకెట్లో. ఆ వచ్చిన డబ్బుల్లోంచి నాలుగున్నర లక్షలు పెట్టి టికెట్లూ హోటళ్లూ కారూ అన్నీ ఆయనే బుక్ చేశారు, బ్రాకెట్లో. స్విట్జర్లాండ్‌కు ఎఫ్‌డీ తీసేస్తానంటున్నారు. చెల్లి బీటెక్ మూడో సంవత్సరం. అదీ బ్రాకెట్లోనే. అమ్మా, నాకు మీ ఉత్తరంలో అసలు సంగతంతా ఆ బ్రాకెట్లలోనే కనిపించింది.

డాలర్లలో జీతం తెచ్చుకునే అల్లుడి హనీమూన్‌కు, పెన్షన్ మీద బతికే మామగారు డబ్బు కట్టడం ఏ లాంఛనాల్లో ఉంది? "మా అత్తవారు రూపాయి కట్నం తీసుకోలేదు" అని కూడా గర్వంగా రాశారు. తీసుకోకపోవడమేమిటి? పేరు మార్చి తీసుకున్నారు, ప్యాకేజీ అన్నారు.

అలకపాన్పు ఎక్కిన పెళ్లికొడుక్కి దిగే వేళ కూడా ఒకటుంటుంది. చేతిలో ఉంగరమో వాచీయో పెడతారు, అందరూ నవ్వుతారు, ఆయన దిగుతాడు, ఆ మంచం మడతేసి షామియానా వాళ్లకు ఇచ్చేస్తారు. మీ ఆయన ఇంకా దిగలేదు. మాఘంలో ఎక్కినవాడు జూన్‌లో అగ్నిపర్వతం పక్కన కూడా దాని మీదే కూర్చున్నాడు. అతను మంచివాడని నేననను. కానీ అతనికి ఒక విషయం బాగా అర్థమైంది: తను ముఖం ముడుచుకుంటే గుంటూరు నుంచి ఏదో ఒకటి వస్తుంది. ఆ పాఠం చెప్పింది ఎవరు? ఉగాదికి పెట్టిన బట్టలు నచ్చలేదని అతనంటే ఆ రాత్రే మీ నాన్నకు చేరేశారు. వారంలో డబ్బు వచ్చింది. కొండ కనిపించలేదని విసుక్కుంటే మూడున్నరకు ఫోన్ చేసి చెప్పారు. స్విట్జర్లాండ్ బయల్దేరింది. మొగుడి అలక పుట్టింటికి మోసే పని మీరు పెట్టుకున్నారు. మీకూ మీ నాన్నకూ మధ్య నడుస్తున్న ఈ రవాణా ఆగనంతవరకూ ఏ దేశం వెళ్లినా ఒకటే.

నాకు కోపం వచ్చిందని మీకు తెలుస్తూనే ఉంటుంది. కారణం ఉంది. మా పెళ్లిలో మా ఆయన అలకపాన్పు మీద హెచ్ఎంటీ వాచీ అడిగారు. సరదాగానే అడిగారు. మా నాన్న నవ్వుతూనే ఇచ్చారు. మూడేళ్ల తర్వాత పుట్టింట్లో పాత కాగితాలు సర్దుతుంటే చీటీ పుస్తకం కనపడింది. చెల్లెలి కాలేజీ ఫీజు కోసం కడుతున్న చీటీని మధ్యలోనే నష్టానికి పాడి ఆ వాచీ కొన్నారు. మా చెల్లి ఆ ఏడాది కాలేజీలో చేరలేదు, "మార్కులు తక్కువొచ్చాయి" అని చెప్పుకున్నాం. ఆ వాచీ ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఎప్పుడో ఆగిపోయింది. నేను బాగు చేయించలేదు, పారేయనూ లేదు. మీ చెల్లి బీటెక్ మూడో సంవత్సరం అని చదవగానే నాకు గుర్తొచ్చింది అదే.

ఇక మబ్బుల గొడవ. ఆరేళ్ల కిందట మా అబ్బాయి తీసుకెళ్తే నేనూ ఆ రెండు చోట్లకూ వెళ్లాను కాబట్టి రెండు మాటలు చెప్పగలను. ఏజెంటు చూపించిన ఫొటోలో ఎర్రటి లావా ఉందని, మీ ఆయన దాన్ని తలుచుకునే వెళ్లాడని రాశారు. అరెనాల్ 1968 జూలై 29న బద్దలైంది. ఊళ్లను కప్పేసింది. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా నిప్పులు కక్కుతూనే ఉండి 2010లో చల్లబడింది. ఆ ఫొటో అంతకుముందుదై ఉంటుంది. మీరిద్దరూ వేడినీళ్లలో కూర్చున్న తబకోన్ ఉంది చూశారూ, అక్కడే ఆ పేరుతోనే ఒక ఊరుండేది. ఆ రోజు పోయిన ఊళ్లలో అదొకటి. ఇక జూన్ అంటే అక్కడ వానాకాలం. అందుకే మీ నాన్నకు చవకగా దొరికి ఉంటుంది. నేను వెళ్లినప్పుడు కూడా కొండ మూడు రోజుల్లో ఒక్క పొద్దున, ఇరవై నిమిషాలు కనిపించింది, తర్వాత ముసుగు కప్పుకుంది. మోంతేవెర్దేలోనైతే మబ్బే అడవి. సముద్రం మీంచి వచ్చే తడిగాలి కొండెక్కి మబ్బై చెట్లను కప్పుతుంది, వాన లేకపోయినా ఆకుల చివర్ల నుంచి నీళ్లు టపటపా రాలుతూ ఉంటాయి. కొమ్మలకు నాచు ఎంత మందంగా పట్టి ఉంటుందంటే, వేలు పెడితే తడిసిన దూదిలో దిగినట్టు దిగిపోతుంది. అక్కడికి వెళ్లి మబ్బని అలగడం, లంబసింగి వెళ్లి పొగమంచు అడ్డమొచ్చిందని తిట్టుకున్నట్టుంది.

ఆ అడవిలో గైడు చూపించిన మర్రి జాతి చెట్టు గురించి రాశారు. వేరే చెట్టు మీద మొలిచి, వేళ్లు కిందికి దించి, లోపలి చెట్టును చంపేసి, అది కుళ్లిపోయాక బోలుగా నిలబడింది, అందులోకి దూరి పైకి చూశాం, అచ్చం మా అత్తగారూ మా ఆయనా గుర్తొచ్చారు అన్నారు. మన తాటిచెట్ల మీద రావి మొలవడం చూసినవాళ్లమే కాబట్టి పోలిక అర్థమైంది. కానీ వద్దు. చెట్టు పక్కకు జరగలేదు. మీ ఆయనకు కాళ్లున్నాయి.

మీ ఉత్తరంలో నాకు నచ్చింది ఒకే ఒక్కచోట. జీపు, పడవ, మళ్లీ జీపు మారుతూ సరస్సు దాటారు కదా, ఆ రోజు. సిగ్నల్ లేదు. పడవ దిగేసరికి మీ సూట్‌కేసు తడిసింది, జీపు ఎక్కేచోట బురద. మీ ఆయన రోడ్డు పక్క కొట్లో రెండు ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు కొన్నాడు, మీది పసుపు, అతనిది మరీ పొట్టి. "ఆయన్ని అందులో చూసి ఎంత నవ్వానో, ఆయన కూడా నవ్వారు. దారంతా నవ్వుతూనే ఉన్నాం" అని రాశారు. తర్వాతి వాక్యమే సిగ్నల్ వచ్చింది, నాన్నకు ఫోన్ చేసి ఏడ్చాను అని. మధ్యలో ఏం జరిగింది? ఏమీ జరగలేదు, మళ్లీ మళ్లీ చదివాను. సిగ్నల్ వచ్చింది, అంతే. ఎనిమిది రోజుల్లో మీ ఆయన తన జేబులోంచి కొన్నవి మీరు రాసినంతవరకూ ఆ రెండు రెయిన్‌కోట్లే. నవ్విందీ ఆ రోజే.

మోంతేవెర్దేలో విన్న ఒక సంగతి చెప్తాను, గైడు మీకూ చెప్పే ఉంటాడు. 1951లో అమెరికాలోని అలబామా నుంచి క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన కొన్ని కుటుంబాలు వచ్చి అక్కడ కాపురాలు పెట్టాయి. సైన్యంలో చేరడం వాళ్ల మతానికి పడదు. కోస్టారికా అంతకు మూడేళ్ల ముందే సైన్యాన్ని రద్దు చేసింది, అందుకని వచ్చారు. పాడి పెట్టుకున్నారు, జున్ను చేసుకున్నారు. భూమి చదును చేసేటప్పుడు మాత్రం, తమకు నీళ్లెక్కడి నుంచి వస్తున్నాయో చూసుకుని ఆ పైనున్న అడవిని ముట్టుకోకుండా వదిలేశారు. మీరు తిరిగిన అడవి అలా మిగిలినదే. కొత్త కాపురం పెట్టినవాళ్లు మీరూ అంతే కదా. మీ ఇద్దరికీ నీళ్లు గుంటూరు నుంచి వస్తున్నాయి, అక్కడే గొడ్డలి పెట్టారు.

ఏం చేయాలో చెప్తాను. మీరు భార్యగా వచ్చే హెచ్‌4 వీసా మీద ఉన్నారు, చేతిలో జీతం లేదు. కాబట్టి ఈ విషయం ముందు మీ ఆయనతోనే మాట్లాడాలి. ఆ నాలుగున్నర లక్షలు ఎక్కడివో అతనికి తెలుసో లేదో నాకు అనుమానమే. మామగారికి ఉన్నాయి కాబట్టి పెట్టారు అనుకుని ఉండొచ్చు. రిటైర్మెంటు డబ్బని చెప్పండి, చెల్లి చదువు చెప్పండి, ఎఫ్‌డీ చెప్పండి. ఏడవకుండా చెప్పండి. నెలకు ఇంత అని తిరిగి కడదామనండి. మీ నాన్న ఆడపిల్ల దగ్గర తీసుకోనంటారు, అననివ్వండి. చెల్లి అకౌంట్లో వేయండి. మీ ఆయన సరే అంటే అలకపాన్పు దిగినట్టే. "ఆయనే ఇస్తానన్నాడుగా, నాకేంటి" అంటే మాత్రం నాకు మళ్లీ రాయండి. అప్పుడు రాసే జవాబు వేరేగా ఉంటుంది.

అతను ముఖం ముడుచుకుంటే ఆ అలక డాలస్ దాటకూడదు. మీరే అడగండి, మీరే పోట్లాడండి, లేదా వదిలేయండి. అయితే ఒకటి. అతను చెయ్యి చేసుకున్నా, పుట్టింటి నుంచి డబ్బు తెమ్మన్నా అది అలక కాదు. అప్పుడు అర్ధరాత్రయినా నాన్నకు చెప్పాలి, అక్కడి పోలీసులకూ చెప్పాలి. ఆ తేడా మీకు తెలుసు.

స్విట్జర్లాండ్ ఏజెంటుకు ఈపాటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే పోనివ్వండి. మిగతాది ఆపండి. "అల్లుడు ఏమనుకుంటాడో" అని మీ నాన్న మొహమాటపడతారు. అల్లుడి చేతే చెప్పించగలిగితే అంతకంటే కావలసిందేముంది.

నాన్నకు రోజూ ఫోన్ చేయండి, మానమని నేననడం లేదు. ఇప్పుడైతే డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నరకు చేస్తే అక్కడ పొద్దున ఏడవుతుంది, కాఫీ తాగుతూ పేపరు చూస్తుంటారు. నవంబర్‌లో అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పాక ఏడున్నరకు చేయాలి.