చిరుతకు ఏ ఫారం, ఏ పోజు? ముందు టేపు పట్టండి, తర్వాతే కేటలాగు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఆత్మకూరు అడవిలో చనిపోయిన చిరుత తోలు, అటవీ శాఖ అనుమతితో కర్నూలులోని మీ కాలేజీ మ్యూజియంకు వస్తోంది. టాక్సిడెర్మిస్టు, అంటే చనిపోయిన జంతువు తోలును బతికున్నట్టు నిలబెట్టే పనివాడు, కేటలాగు పంపి ఫారం, అంటే తోలు కింద ఉండే ఫోమ్ బొమ్మ, మిమ్మల్నే ఎంచుకోమన్నాడు. ప్రిన్సిపాల్ గారు గర్జిస్తున్నట్టు ఉండాలంటున్నారు, మీకు నడుస్తున్నట్టు ఉంటే బాగుంటుందని ఉంది.

నేను కడపలో ఒక కాలేజీ జువాలజీ మ్యూజియంలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ఇలాంటి పనిలో చేయి పెట్టింది ఒక్కసారే. ఆ ఒక్కసారిలోనే చేయగలిగిన తప్పులన్నీ చేశాం కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

మేం పొడవు చూసి ఫారం తెప్పించాం. ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా కొలత అచ్చంగా సరిపోయింది. ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. వచ్చిన ఫారం పుష్టిగా ఉన్న మగచిరుతది, మాదేమో బక్కపలచని ఆడది. తోలు తొడిగితే పొట్ట దగ్గర రెండు అంచుల మధ్య మూడు వేళ్లు పట్టేంత ఎడం. తడి తోలు సాగుతుందిలే అని లాగి కుట్టేశారు. నిజంగానే సాగింది. ఆరాక మళ్లీ బిగిసింది. ఏప్రిల్ నెలలో ఒక పొద్దున గది తలుపు తీస్తే, పొట్ట కింద కుట్టు జానెడు మేర విచ్చుకుని లోపలి పసుపచ్చ ఫోమ్ కనబడుతోంది. లాగిన చోటల్లా పువ్వుల్లాంటి మచ్చలు కోలగా సాగిపోయాయి. ఎలుగుబంటి అయితే ఆ జుత్తులో ఎన్ని తప్పులైనా దాగుతాయి. చిరుతకు జుత్తు పొట్టి, ఏదీ దాగదు.

కాబట్టి ఫారాన్నే తోలుకు తగ్గట్టు మార్చుకోవాలి. పాలియురేతేన్ ఫోమ్‌ను రంపంతో కోయొచ్చు, ఆకురాయితో అరగదీయొచ్చు, తక్కువైన చోట మట్టి పెట్టి నింపొచ్చు. రెండు సైజుల మధ్య ఊగిసలాట వస్తే నేనైతే చిన్నదే తీసుకుంటా. కంటి లోపలి మూల నుంచి ముక్కు కొనకు ఎంత, మెడ చుట్టు, ఛాతీ చుట్టు, పొట్ట చుట్టు ఎంతెంత, తోక పొడవు విడిగా ఎంత అన్నది కావాలి. తోలు ఒలవకముందు కళేబరం మీద తీసిన కొలతలే నమ్మదగ్గవి. పోస్టుమార్టం చేసిన పశువైద్యుడి దగ్గర రాసి ఉన్నాయేమో అడగండి. లేకపోతే శుద్ధి చేసిన తోలును తడిపి, లాగకుండా పరిచి కొలవాలి. కోత ఎక్కడ పెట్టారో కూడా అప్పుడే చూసుకోండి, ఎందుకంటే పోజులో సగం దాన్ని బట్టే తేలుతుంది. పొట్ట మీది కోత అడ్డదిడ్డంగా ఉంటే, వెనక కాళ్ల మీద లేచి దూకే పోజులో అది అందరి కళ్లకూ ఎదురుగా ఉంటుంది.

ఇక గర్జన సంగతి. పీర్ల పండక్కి పులివేషం వేసినవాడు నోరు తెరిస్తే పిల్లలు కేరింతలు కొడతారు, అది వేరు. గర్జన అంటే నోరొక్కటే కాదండీ. చెవులు వెనక్కి అణగాలి, కళ్లు ముడుచుకోవాలి, ముక్కు మీద ముడతలు పడాలి. మా దానికి నోరు బార్లా తెరిచి ఉంది, చెవులేమో ఎవరో పేరు పెట్టి పిలిస్తే వింటున్నట్టు నిక్కబొడుచుకుని ఉన్నాయి. వేటలు సాగిన కాలంలో మైసూరులో పేరుమోసిన టాక్సిడెర్మిస్టులు వాన్ ఇంగెన్ వాళ్లు కోరలు కనబడేలా చేసిన పులితలలు చూడండి, ఆ ముడతల పనితనం ఎవరికి పడితే వారికి రాదు. అయినా అది వేటగాడికి కావలసిన కథ. పులి నా మీదికి వచ్చింది, నేను కొట్టాను అని చెప్పుకోడానికి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కాలేజీకి ఆ కథ ఎందుకు?

నడక పోజు మంచిదే గానీ కష్టం. చిరుత నడుస్తుంటే భుజం ఎముక వీపు గీత కంటే పైకి లేస్తుంది, తల కిందికి ఉంటుంది, గోళ్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి. గోళ్లు బయటపెట్టి నడిపించారంటే ఆ పని తెలియనివాడు చేసినట్టే. కళ్లు కూడా చూసుకోండి. మాకు మొదట వచ్చిన గాజుకళ్లలో ఇంటి పిల్లికి లాగా నిలువు చీలిక ఉంది. చిరుతకు, పులికి, సింహానికి కంటిపాప గుండ్రంగా ఉంటుంది. తిప్పి పంపాం.

నా ఓటు బండ మీద పడుకుని, తల ఎత్తి, నోరు మూసుకుని చూస్తున్న చిరుతకే. మన గుట్టల మీద అది ఎక్కువసేపు ఉండేది అలాగే. పొట్ట కుట్టు కిందికి పోతుంది, చిరుతను ఉంచే పెట్టె పొడవు తగ్గుతుంది. మగచిరుత తోకే రెండున్నర నుంచి మూడడుగులు ఉంటుంది, దాన్ని బండ అంచు నుంచి కిందికి వదిలేయొచ్చు. ఖాయం చేసేముందు తిరుపతి జూకు వెళ్లి, పడుకున్న చిరుత ముంగాళ్లు ఎలా చాపుతుందో, మోచెయ్యి ఎక్కడ ఆనుతుందో ఫోన్లో వీడియో తీసి టాక్సిడెర్మిస్టుకు పంపండి. వీలైతే ముంబై సంజయ్ గాంధీ పార్కులో 2009లో పెట్టిన టాక్సిడెర్మీ కేంద్రం వాళ్ల పనిని కూడా ఒకసారి చూసి రండి. మీ ప్రిన్సిపాల్ గారిని ఒప్పించడానికి అదే తేలిక.

అనుమతి కాగితం నకలు ఒకటి మ్యూజియంలోనే ఫైల్లో పెట్టండి, చిరుత ఆ చట్టంలో షెడ్యూల్ ఒకటి, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోని జంతువు. పెట్టెను కిటికీ ఎండ తగిలే చోట పెట్టకండి, రంగు వెలిసిపోతుంది. పెట్టె చేయించేముందు గది తలుపు వెడల్పు కూడా కొలవండి. మాది లోపలికి పట్టక పదకొండు రోజులు వరండాలోనే ఉండిపోయింది, చివరికి వడ్రంగిని పిలిపించి ద్వారబంధం ఊడదీయించాం.