జీతం రాని ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం కోసం మరో అప్పా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం ఇల్లు తనఖా పెట్టి తెచ్చిన రుణం వడ్డీతో కలిపి 45 లక్షలైంది. 11 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలి. మూడు నెలల్లో ఈఎంఐ మొదలవుతుంది. ఎయిర్‌లైన్ ఉద్యోగం ఇంకా రాలేదు. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ (విమానం నడపడం నేర్పే అర్హత) చేసి వస్తే, ఏడాదిపాటు జీతం లేకుండా పాఠాలు చెబుతూ ఫ్లయింగ్ గంటలు పెంచుకోవచ్చని ఒక శిక్షణ సంస్థ అంటోంది. అందుకు 6 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? నా రిటైర్మెంటు సొమ్ములో 6 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 30 వేలు.

జవాబు: తీసుకోవద్దు. రేపు వస్తుందనుకునే అనుభవాన్ని ఈ నెల ఆదాయం కింద లెక్క వేసుకోవడం చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు కాబట్టే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

అమెరికాలో 2009 నాటి ఒక విమాన ప్రమాదం తర్వాత నిబంధనలు మారి, 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా చేరడానికి కూడా సాధారణంగా 1,500 గంటలు కావలసి వస్తోంది. అందుకే అక్కడి యువ పైలట్లు గంటల కోసం ఇన్‌స్ట్రక్టర్లుగా చేరతారు. మన దేశంలో 200 గంటలతో కమర్షియల్ లైసెన్సు వస్తుంది, ఆపై కంపెనీలు ప్రధానంగా అడిగేది టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం నడిపే ప్రత్యేక అర్హత. అంటే అక్కడి నిబంధన పుట్టించిన అవసరాన్ని చూపించి ఇక్కడ మీ అమ్మాయి చేత ఉచితంగా పని చేయించుకోవాలనుకుంటున్నారు. విద్యార్థి ప్రాణాన్ని తన చేతిలో పెట్టుకుని పక్క సీట్లో కూర్చునే మనిషికి జీతం ఇవ్వకపోవడం నా దృష్టిలో అన్యాయం. జీతం ఇచ్చే సంస్థ దొరికితే ఇన్‌స్ట్రక్టర్ పని మంచిదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఈఎంఐ సుమారు 62 వేలు, ఇంటి ఖర్చుతో కలిపి నెలకు 92 వేలు, ఆరు నెలలకు 5.52 లక్షలు. మీ ఎఫ్‌డీ దాదాపు అంతే. అదే మీ అత్యవసర నిధి, దాన్ని రేటింగ్‌కు గానీ మరి దేనికి గానీ ముట్టుకోవద్దు. అందులో కనీసం లక్ష రూపాయలు సేవింగ్స్ ఖాతాలో, కొంత ఇంట్లో నగదుగా ఉంచండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు లేక ఏటీఎంలు పనిచేయని రోజుల్లో, మంచి జీతాలున్నవారు సైతం పాల ప్యాకెట్ల కోసం పక్కింట్లో చేబదులు అడగడం నేను కళ్లారా చూశాను.

రుణానికి తగ్గ టర్మ్ పాలసీ (మరణిస్తే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) అమ్మాయి పేరిట వెంటనే తీసుకోండి. అయితే ఏటా జరిగే మెడికల్ పరీక్షలో ఫిట్ కాక విమానం నడపలేని పరిస్థితి వస్తే టర్మ్ పాలసీ రూపాయి ఇవ్వదు, ఈఎంఐ మాత్రం ఆగదు. లైసెన్సు కోల్పోతే పరిహారమిచ్చే పాలసీ గురించి విడిగా విచారించండి. తనఖాలో ఉన్నది మీరు తలదాచుకునే ఇల్లు కనుక ఇందులో ఆలస్యం చేయకండి.

విమానయాన రంగంలోనే నేలపై చేసే ఉద్యోగాలకు అమ్మాయి ఇప్పుడే దరఖాస్తు చేయవచ్చు. మొదటి వాయిదా తప్పకముందే మీరిద్దరూ బ్యాంకుకు వెళ్లి, ఉద్యోగం రాలేదని రాతపూర్వకంగా చెప్పి, గడువు పొడిగింపు అడగండి.